ఎం.బి.ఏ. మొదటి సెమిస్టర్: అకౌంటింగ్, గ్రూపు పనులు, ట్యూషన్లు... కాలం ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న: మిర్యాలగూడ_విద్యార్థిని

అందరికీ నమస్కారం. ఐసెట్ రాసి ఈ ఏడాదే హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఏ.లో చేరాను. అంతకు ముందు మా ఊళ్ళోనే తెలుగు మాధ్యమంలో బి.ఎస్సీ. చదివాను, గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం నా సబ్జెక్టులు. ఇప్పుడు మొదటి సెమిస్టర్ సగానికి వచ్చింది. మేనేజ్‌మెంట్ సూత్రాలు, అకౌంటింగ్, మార్కెటింగ్, మేనేజీరియల్ ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, బిజినెస్ లా అని ఆరు పేపర్లు నడుస్తున్నాయి. చదువు మీద నాకు ఇష్టం తగ్గలేదు, కానీ రోజులో ఏ పనికి ఎంత కాలం ఇవ్వాలో తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దారి చూపిస్తారన్న నమ్మకంతో నా పరిస్థితిని కాస్త వివరంగానే రాస్తున్నాను.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఉంటున్నాను. పొద్దున ఐదున్నరకు లేస్తాను. మంజీరా నీళ్ళు వచ్చే రోజైతే డ్రమ్ములు, బిందెలు నింపేసరికే ఆరున్నర దాటుతుంది. పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి వంటలో సాయం చేసి, నాకూ పెదనాన్నకూ బాక్సులు సర్దుకుని ఎనిమిదింటికల్లా మెట్రో ఎక్కితేనే తొమ్మిదిన్నర క్లాసు అందుతుంది. అమీర్‌పేటలో దిగి లైను మారాలి. ఆ వేళలో కూర్చోవడానికి చోటు దొరకదు. క్లాసులు సాయంత్రం నాలుగింటి దాకా ఉంటాయి. ఇంటికి చేరి ముఖం కడుక్కుని, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు మా అపార్ట్‌మెంటులోనే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. నా మెట్రో ఖర్చు, జిరాక్సులు, పరీక్ష ఫీజు ఆ డబ్బుతోనే వెళ్ళిపోతున్నాయి. నాన్న మా ఊళ్ళో ఒక రైసు మిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా పనిచేస్తారు. ఆయనను ప్రతిదానికీ అడగడం నాకు ఇష్టం లేదు.

భోజనం చేసి పుస్తకం తెరిచేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. సరిగ్గా ఆ వేళకే మా గ్రూపు వాట్సాప్ కాల్ మొదలవుతుంది. మార్కెటింగ్‌లోనూ మేనేజ్‌మెంట్‌లోనూ ఐదుగురికి ఒక గ్రూపు చేసి తరచుగా కేస్ ప్రెజెంటేషన్లు (ఒక కంపెనీ ముందున్న సమస్యను విశ్లేషించి క్లాసులో చెప్పడం) పెడుతున్నారు. కాల్‌లో గంటసేపు మాట్లాడుకున్నా ఎవరు ఏం చేయాలో తేలదు. చివరి రాత్రి ఇద్దరమే కూర్చుని అందరి స్లైడ్లనూ ఒకచోట అతికిస్తాము. తెల్లవారి ప్రెజెంటేషన్‌లో నా వంతు వచ్చినప్పుడు ఇంగ్లీషులో చెప్పవలసి ఉంటుంది కాబట్టి, విషయం తెలిసినా స్లైడు మీది వాక్యాలనే చదివేస్తున్నాను.

అన్నిటికంటే అకౌంటింగ్ నాకు కొరుకుడు పడడం లేదు. క్లాసులో బి.కామ్. చదివినవారే ఎక్కువ కాబట్టి చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) రెండు క్లాసుల్లో ముగించి నేరుగా కంపెనీల తుది లెక్కలకు వెళ్ళిపోయారు. వచ్చేదానిని డెబిట్ చేయాలి, పోయేదానిని క్రెడిట్ చేయాలి అన్న సూత్రాలు కంఠతా వచ్చు, కానీ సర్దుబాట్లలో ఒక అంశం కొంచెం మార్చి ఇస్తే ఏది ఎటు రాయాలో తెలియడం లేదు. స్టాటిస్టిక్స్ మాత్రం నాకు హాయిగా ఉంది.

ట్యూషన్లు మానేయమని నా స్నేహితులు చెబుతున్నారు. మానేస్తే చేతి ఖర్చుకు ఇబ్బంది, మానకపోతే అకౌంటింగ్‌కు కాలం లేదు. ఇలాంటి స్థితిలో దేనిని ముందు పెట్టుకోవాలి? గ్రూపు పనిని తగ్గించుకునే మార్గం ఏదైనా ఉందా? అకౌంటింగ్‌ను మొదటి నుంచి నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?


జవాబు: రెండో_ఏడు_ఫైనాన్స్

నేను ఎం.బి.ఏ. రెండో సంవత్సరంలో ఉన్నాను, బి.టెక్. చదివి వచ్చినవాణ్ణి కాబట్టి అకౌంటింగ్ విషయంలో మీరు చెప్పినది నాకు బాగా అర్థమవుతుంది. కానీ మీరు రాసినది చదివితే, మీ రోజును ఎక్కువగా తినేస్తున్నది అకౌంటింగ్ కాదు, గ్రూపు పని. ముందు దాని సంగతి చూడండి.

రాత్రి తొమ్మిదిన్నర తర్వాత కాల్ పెట్టుకోవడం పూర్తిగా మానేయండి. ఐదుగురూ అలసిపోయి, ఒకరు భోజనం చేస్తూ, ఒకరు బస్సులో ఉండి మాట్లాడే కాల్‌లో నిర్ణయాలు జరగవు. కేస్ ఇచ్చిన రోజునే, ఆఖరి క్లాసు అయిపోగానే ఇంటికి బయలుదేరకముందే అరగంట ఎదురెదురుగా కూర్చోండి. ఆ అరగంటలో స్లైడ్ల గురించి మాట్లాడకండి. ఈ కేసులో కంపెనీ తీసుకోవలసిన నిర్ణయం ఏమిటి అన్న ఒక్క ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. ధర పెంచాలా వద్దా, కొత్త ఊరికి వెళ్ళాలా వద్దా, పంపిణీదారుణ్ణి మార్చాలా వద్దా: ప్రతి కేసు వెనకా ఇలాంటి ప్రశ్న ఒకటి ఉంటుంది. ఆ వాక్యం మీద ఐదుగురికీ ఒప్పుదల కుదిరాక పని పంచుకుంటే, ఎవరికి వారు ఇంటర్నెట్‌లో దొరికిన కంపెనీ చరిత్రను తెచ్చి ఇరవై స్లైడ్లు నింపే పరిస్థితి రాదు.

రెండో మాట, ఎవరూ స్లైడ్లు చేసి పంపవద్దని ముందే చెప్పుకోండి. ప్రతి ఒక్కరూ తమ భాగాన్ని ఒక పేజీకి మించకుండా మామూలు వాక్యాల్లో రాసి పంపాలి. ఆ ఐదు పేజీలనూ చూసి ఒక్కరే మొత్తం స్లైడ్లు తయారుచేయాలి. ఆ ఒక్కరూ ప్రతిసారీ మారుతుండాలి. అక్షరాల సైజులు, రంగులు సరిచేయడానికి పోయే కాలమంతా దీనితో మిగులుతుంది. పేజీ పంపనివారి పేరు ప్రెజెంటేషన్‌లో ఉండదని మొదటి రోజే మర్యాదగా చెప్పేయండి. ఇది కఠినంగా అనిపించవచ్చు, కానీ మౌనంగా వాళ్ళ పని కూడా మీరే చేసి లోలోపల బాధపడడం కంటే ఇదే స్నేహానికి మంచిది.

స్టాటిస్టిక్స్ మీకు హాయిగా ఉందన్నారు. మీ గ్రూపులోని బి.కామ్. వాళ్ళకు ప్రాబబిలిటీ, కోరిలేషన్, రిగ్రెషన్ కష్టంగానే ఉంటాయి. మధ్యాహ్నం భోజన విరామంలో ఒక రోజు మీరు వాళ్ళకు స్టాటిస్టిక్స్ చెప్పండి, మరో రోజు వాళ్ళను అకౌంటింగ్ సర్దుబాట్లు చెప్పమనండి. మా బ్యాచ్‌లో నేను ఇలాగే నేర్చుకున్నాను.

మెట్రోలో నిలబడి లెక్కలు చేయాలని ప్రయత్నించవద్దు. ఆ కాలాన్ని చదివే పేపర్లకు ఇవ్వండి. బిజినెస్ లా పాఠం కానీ, మరునాటి కేసు కానీ ఫోనులో చదువుకోవచ్చు. ఇంటికి చేరాక అదే పని మళ్ళీ పెట్టుకోకుండా ఉంటే చాలు.

ట్యూషన్ల విషయంలో నాది మీ స్నేహితుల మాటే. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు ఉన్న కాలం మీ రోజులో మెదడు ఇంకా పనిచేసే చివరి రెండు గంటలు. వాటిని అమ్ముకుని, మిగిలిన నిద్రమత్తు గంటల్లో మీకు కొత్తదైన సబ్జెక్టు నేర్చుకోవాలనుకుంటే కుదరదు. కనీసం ఈ సెమిస్టర్ అయ్యేవరకైనా ఆపి చూడండి.


జవాబు: కామర్స్_అధ్యాపకురాలు

అమ్మా, మీరు అడిగిన మూడో ప్రశ్నకే నేను జవాబు రాస్తాను, ఎందుకంటే ప్రతి ఏడూ సైన్సు నుంచి, ఇంజనీరింగ్ నుంచి వచ్చిన పిల్లలు సరిగ్గా ఇక్కడే ఆగిపోవడం చూస్తున్నాను. వారికి లెక్కలు రాక కాదు. సూత్రాలను ముందు కంఠస్థం చేయించి, ఆ సూత్రాలు దేనికోసం పుట్టాయో తర్వాత చెప్పడం వల్ల ఈ ఇబ్బంది వస్తుంది. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో ప్రతి లావాదేవీని రెండు వైపులా రాసే జంటపద్దు విధానాన్ని వివరించిన లూకా పాచోలీ కూడా గణితవేత్తే. మీరు బి.ఎస్సీ. గణితం చదివినవారు కాబట్టి ఈ సబ్జెక్టును ఒక సమీకరణంగా చూడండి: ఆస్తులు ఎప్పుడూ యజమాని పెట్టుబడి, బయటి అప్పులు కలిపిన మొత్తానికి సమానం. ఏ లావాదేవీ జరిగినా ఈ సమానత్వం చెడకూడదు. డెబిట్, క్రెడిట్ అన్నవి ఆ సమానత్వాన్ని కాపాడడానికి పెట్టుకున్న ఎడమ, కుడి వైపులు మాత్రమే.

మీ నాన్నగారు రైసు మిల్లులో పనిచేస్తారన్నారు కాబట్టి మిల్లునే తీసుకుందాం. అంకెలు తేలికగా ఉండడానికి నేను ఊహించుకున్నవి. కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని నాతో పాటు రాయండి.

యజమాని సొంత డబ్బు 10 లక్షలు పెట్టాడు, బ్యాంకు నుంచి వ్యాపార అప్పు అయిన క్యాష్ క్రెడిట్‌గా 14 లక్షలు తీసుకున్నాడు. చేతిలో 24 లక్షలు. క్వింటాలు 2,300 రూపాయల చొప్పున వెయ్యి క్వింటాళ్ళ ధాన్యం కొన్నాడు, అంటే 23 లక్షలు. ఆడించడానికి కూలీ, కరెంటు కలిపి మరో లక్ష అయింది. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల చొప్పున 670 క్వింటాళ్ళ బియ్యం వచ్చింది. తవుడు, నూక, ఊక సంగతి ఇప్పటికి పక్కన పెడదాం. ఈ క్షణంలో మిల్లు ఆస్తి ఏమిటి? 24 లక్షల విలువగల బియ్యం నిల్వ. నగదు సున్నా. అటువైపు పెట్టుబడి 10, బ్యాంకు అప్పు 14. సమీకరణం సరిపోయింది. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, 24 లక్షలు ఖర్చయిపోయినా ఇప్పటికి నష్టం ఏమీ లేదు. డబ్బు బియ్యం రూపంలోకి మారింది, అంతే.

ఇప్పుడు సగం బియ్యం, అంటే 335 క్వింటాళ్ళు, క్వింటాలు 4,000 రూపాయలకు ఒక వ్యాపారికి నలభై ఐదు రోజుల అరువు మీద అమ్మాడు. రావలసినది 13 లక్షల 40 వేలు. ఆ సగం బియ్యానికి అయిన ఖర్చు 12 లక్షలు. లాభం లక్షా 40 వేలు. ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలెన్స్ షీట్) మళ్ళీ రాయండి: నిల్వ 12 లక్షలు, వ్యాపారి నుంచి రావలసినది 13.40 లక్షలు, మొత్తం 25.40 లక్షలు. అటువైపు పెట్టుబడి 10, లాభం 1.40, బ్యాంకు అప్పు 14, మొత్తం 25.40. లాభనష్టాల ఖాతా లక్షా 40 వేల లాభం చూపిస్తోంది, కానీ గల్లాపెట్టెలో ఒక్క రూపాయి లేదు. ఈ ఒక్క విషయం మీకు నిజంగా పట్టుబడితే, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం రోజువారీగా నడవడానికి కావలసిన డబ్బు) అన్న అధ్యాయం మీకు కొత్తగా ఉండదు.

ఇక మీకు ఇబ్బందిగా ఉన్న సర్దుబాటు. నెల గడిచింది, బ్యాంకు వడ్డీ ఏడాదికి 12 శాతం అనుకుంటే 14 లక్షల మీద నెలకు 14 వేలు. ఇంకా కట్టలేదు. కట్టలేదు కాబట్టి రాయనవసరం లేదా? ఆ నెల అప్పు వాడుకున్నాడు కాబట్టి ఆ నెల ఖర్చు అది. లాభం లక్షా 26 వేలకు తగ్గుతుంది, బ్యాంకుకు ఇవ్వవలసినది 14.14 లక్షలకు పెరుగుతుంది. మొత్తం మళ్ళీ 25.40. కాబట్టి సర్దుబాటు ఎప్పుడూ రెండు చోట్ల కనిపిస్తుంది: ఒకటి లాభనష్టాల ఖాతాలో, రెండోది ఆస్తి అప్పుల పట్టీలో. తరుగుదల అయినా, ముందుగా కట్టిన ఇన్సూరెన్సు అయినా, రానిబాకీలకు ఏర్పాటు అయినా ఇదే పద్ధతి. ప్రశ్నలో అంశం మారినప్పుడు, ఇది ఈ కాలానికి చెందిన ఖర్చేనా, చెందితే ఏ ఆస్తి తగ్గింది లేదా ఏ అప్పు పెరిగింది అని అడుగుతూ పోండి. ఏది ఎటు రాయాలో దానంతట అదే తెలుస్తుంది.

ఈ మిల్లునే ఈ సెమిస్టర్ అంతా పెట్టుకోండి. పాఠంలో కొత్త అంశం వచ్చిన ప్రతిసారీ మీ మిల్లులో దానిని జరిపించి పట్టీ మళ్ళీ రాయండి. దీనికి రోజుకు అరగంట చాలు, కానీ క్లాసు జరిగిన రోజునే రాయాలి. వారం చివర ఒకేసారి నాలుగు గంటలు కూర్చుంటే అదే ఫలితం రాదు. క్లాసు నాలుగింటికి అయిపోతే, వెంటనే బయలుదేరకుండా లైబ్రరీలో ఆ అరగంట కూర్చుని వెళ్ళండి. ట్యూషన్ వేళకు మీకు ఇంకా వ్యవధి ఉంటుంది.

పరీక్షలకు నెల ముందు లిస్టింగ్ ఉన్న ఏదైనా ఒక కంపెనీ వార్షిక నివేదికను స్టాక్ ఎక్స్ఛేంజి వెబ్‌సైటు నుంచి ఉచితంగా దించుకుని, అందులో నగదు ప్రవాహ నివేదికను ముందు చదవండి. మన పాఠాల్లో దానిని చివర చెబుతారు, కానీ మీలాంటివారికి అక్కడి నుంచి వెనక్కి రావడమే సులువు.


జవాబు: బ్యాంకు_ఉద్యోగి_వరంగల్

మేడమ్ గారు రాసిన మిల్లు లెక్క చదివి సంతోషం కలిగింది, ఎందుకంటే నేను బ్యాంకులో రుణాల విభాగంలో రోజూ చూసేది అచ్చంగా ఇదే. ఉద్యోగం చేస్తూ సాయంత్రం కాలేజీలో ఎం.బి.ఏ. పూర్తిచేసినవాణ్ణి కాబట్టి, ట్యూషన్ల గురించి పైన తమ్ముడు చెప్పిన మాటతో ఏకీభవించలేకపోతున్నాను.

అమ్మా, ట్యూషన్లు మానవద్దు. నీ డబ్బు నువ్వు సంపాదించుకుంటున్నావు, అది చిన్న విషయం కాదు. దానికి మించి, పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేలా లెక్క చెప్పగలిగిన మనిషికి ప్రెజెంటేషన్ చేయగల శక్తి ఉన్నట్టే. బోర్డు దగ్గర నువ్వు పుస్తకం చూసి చదవవు కదా. పిల్లవాడి ముఖం చూసి, అర్థం కాలేదని తెలిస్తే ఇంకో రకంగా చెబుతావు. క్లాసులో స్లైడు చదివేయడానికి కారణం భాష ఒక్కటే. దానికి ఒక పద్ధతి ఉంది. నీ భాగాన్ని మొదట తెలుగులో, నీ ట్యూషన్ పిల్లలకు చెప్పినట్టు, పైకి చెప్పుకో. ఆ మాటల్లో ముఖ్యమైనవి నాలుగైదు వాక్యాలుగా తేలుతాయి. వాటిని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా మార్చుకో. పెద్ద పదాలు వద్దు. మొదటి రెండు నిమిషాలు మాత్రం నోటికి వచ్చేదాకా అద్దం ముందు కాదు, ఒక మనిషి ముందు చెప్పు. మీ పెదనాన్న ముందు చెప్పినా సరే. ఆ రెండు నిమిషాలు తడబడకుండా గడిస్తే మిగతాది సాగిపోతుంది. స్లైడు మీద వాక్యాలు ఉంచకు. అంకెలు, ఒక పట్టిక ఉంటే చాలు, అప్పుడు చదవడానికి ఏమీ ఉండదు.

కాలం విషయానికి వస్తే, ట్యూషన్ మానడానికీ రోజూ రెండు గంటలు చెప్పడానికీ మధ్య దారి ఉంది. లెక్కలకు వారంలో ఆరు రోజులూ అక్కరలేదు. రోజు విడిచి రోజు చెప్పి, మిగతా రోజుల్లో పిల్లలకు చేయవలసిన లెక్కలు ఇచ్చి, మరుసటి క్లాసులో దిద్దితే వాళ్ళకూ మేలే. తల్లిదండ్రులతో నేరుగా మాట్లాడు. ఫీజు కొంచెం తగ్గించమన్నా ఒప్పుకో. ఇంటర్నల్ పరీక్షల వారంలో సెలవు కావాలని కూడా ఇప్పుడే చెప్పి ఉంచు, ఆఖరి నిమిషంలో చెబితే వాళ్ళకూ ఇబ్బంది.

ఇంకొక మాట. రెండో సెమిస్టర్ అయ్యాక ఎండాకాలంలో ఆరు నుంచి ఎనిమిది వారాల ప్రాజెక్టు చేయవలసి ఉంటుంది. చాలామంది పేరున్న కంపెనీలో సర్టిఫికెట్ కోసం పరుగెత్తి, అక్కడ ఒక మూలన కూర్చుని, పాత విద్యార్థి రిపోర్టును మార్చి సమర్పిస్తారు. నీకు మిర్యాలగూడలో ఇల్లు ఉంది, చుట్టూ మిల్లులు ఉన్నాయి. మిల్లులో వర్కింగ్ క్యాపిటల్ ఎలా తిరుగుతుందో రాస్తే అంతకు మించిన ప్రాజెక్టు ఉండదు. ఖరీఫ్ కోతలప్పుడు డబ్బంతా ధాన్యంలో చిక్కుకుంటుంది, తర్వాత నెలల తరబడి మెల్లగా బయటకు వస్తుంది. మిల్లు ప్రతి నెలా బ్యాంకుకు స్టాకు వివరాలు ఇవ్వాలి. ఆ నిల్వ విలువలో మార్జిన్ (యజమాని సొంతంగా భరించవలసిన భాగం) తీసివేసిన తర్వాత మిగిలిన మేరకే మేము డబ్బు తీసుకోనిస్తాము. చిన్న పరిశ్రమలకు రిజర్వు బ్యాంకు నియమించిన నాయక్ కమిటీ సూచించిన పద్ధతి ప్రకారం ఏడాది అమ్మకాల అంచనాలో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్ అవసరమని లెక్కకట్టి, ఆ అమ్మకాల్లో 20 శాతం మేరకు బ్యాంకు, మిగిలిన 5 శాతం యజమాని పెట్టుకోవాలి. ఏడాదంతా సమానంగా నడిచే వ్యాపారానికి సరిపోయే ఈ లెక్క, కోతల సీజనులో ఒక్కసారిగా డబ్బు కావలసిన మిల్లుకు ఎంతవరకు సరిపోతుంది? అదే నీ ప్రాజెక్టుకు ప్రశ్న కావచ్చు.


ప్రశ్న అడిగినవారు: మిర్యాలగూడ_విద్యార్థిని

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మేడమ్, మీరు చెప్పిన మిల్లు లెక్కను రాసి చూశాను. ఆ తర్వాత వ్యాపారి 13 లక్షల 40 వేలు చెల్లించినట్టు, ఆ డబ్బంతా బ్యాంకుకు కట్టినట్టు నేనే కొనసాగించాను. బ్యాంకు అప్పు 74 వేలకు దిగింది, నిల్వ 12 లక్షలు, అటువైపు పెట్టుబడి, లాభం కలిపి 11 లక్షల 26 వేలు. రెండు వైపులా 12 లక్షలే వచ్చింది. లాభం లెక్క మారకుండానే అప్పు తగ్గిందని మొదటిసారి అర్థమైంది.

అన్నా, గ్రూపులో మీరు చెప్పిన ఒక పేజీ పద్ధతి పెట్టాము. ఒకరు ఒప్పుకోలేదు కానీ మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు. రాత్రి కాల్స్ ఆగిపోయాయి. ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడాను, సోమ, బుధ, శుక్రవారాలకు కుదిరింది. మీ సలహా పూర్తిగా పాటించలేదని అనుకోవద్దు; మిగిలిన మూడు సాయంత్రాలూ అకౌంటింగ్‌కే పెట్టుకుంటున్నాను.

సార్, మీరు చెప్పిన ప్రాజెక్టు గురించి నాన్నతో ఫోనులో మాట్లాడాను. ఆయన ఒక మాట అన్నారు: మిల్లులో ఉన్న ధాన్యంలో ఎక్కువ భాగం మిల్లుది కాదు, ప్రభుత్వం కొని ఆడించడానికి ఇచ్చినది. మరి దానిని ఆస్తి అప్పుల పట్టీలో నిల్వ కింద చూపించాలా? ఇది తెలియకుండా ప్రాజెక్టు మొదలుపెడితే తప్పు వస్తుందేమో అనిపించింది.


జవాబు: కామర్స్_అధ్యాపకురాలు

చాలా మంచి ప్రశ్న అడిగారు, అమ్మా. మీ నాన్నగారు చెప్పినది అక్షరాలా నిజం. ప్రభుత్వం రైతుల నుంచి కొని మిల్లుకు అప్పగించిన ధాన్యం మిల్లు ఆవరణలో ఉన్నా మిల్లు సొత్తు కాదు. పచ్చి బియ్యమైతే క్వింటాలుకు 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించవలసిన బాధ్యత మాత్రమే మిల్లుది. కాబట్టి ఆ ధాన్యం విలువ మిల్లు పట్టీలో నిల్వగా రాకూడదు, ఆ బియ్యం విలువ అమ్మకంగానూ రాకూడదు. మిల్లుకు ఆదాయంగా వచ్చేది ఆడింపు ఛార్జీలు, తన దగ్గర మిగుల్చుకునే తవుడు, నూకల మీద వచ్చే డబ్బు. ఒకే గోదాములో పక్కపక్కనే బస్తాల దొంతరలు రెండు ఉండవచ్చు. ఒకటి పట్టీలో ఉంటుంది, రెండోది రిజిస్టరులో మాత్రమే ఉంటుంది.


జవాబు: బ్యాంకు_ఉద్యోగి_వరంగల్

మేడమ్ గారి మాటకు చిన్న చేర్పు. మేము స్టాకు తనిఖీకి వెళ్ళినప్పుడు మొదట అడిగేది ఇదే, ఈ బస్తాల్లో మీ సొంతవి ఏవి, ప్రభుత్వానివి ఏవి అని. ప్రభుత్వ ధాన్యాన్ని కూడా కలిపి స్టాకు చూపిస్తే, తనది కాని సరుకు మీద మిల్లు అప్పు తీసుకున్నట్టు అవుతుంది. నీ ప్రాజెక్టులో సొంత వ్యాపారానికీ ఆడింపు వ్యాపారానికీ విడివిడిగా పట్టికలు వేయి. రెండోదానిలో ధాన్యం కొనడానికి డబ్బు అక్కరలేదు కాబట్టి వర్కింగ్ క్యాపిటల్ చాలా తక్కువ పడుతుంది. కరెంటు బిల్లు, హమాలీ కూలీ, ఛార్జీలు చేతికి అందేదాకా పట్టే ఆలస్యం మాత్రమే చూడాలి.

సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడే మిల్లు యజమానిని మీ నాన్నగారితో కలిసి అడుగు. ఖాతా పుస్తకాలు బయటివారికి చూపించడానికి వెనకాడతారు కాబట్టి, రిపోర్టులో మిల్లు పేరు, కొనుగోలుదారుల పేర్లు రాయనని ముందే చెప్పి, డిపార్ట్‌మెంటు నుంచి ఉత్తరం తెచ్చి ఇవ్వు. వానాకాలం, యాసంగి రెండు పంటల కొనుగోళ్ళ లెక్కలూ దొరికితే మంచిది. ఒక్క పంట లెక్కలతో రాస్తే ఏడాది మొత్తం మీద డబ్బు ఎలా తిరిగిందో తేలదు.